కాలు కింద పెట్టనంతసేపు

సుగుణ ఆంటీ భోజనానికి వస్తోందని అమ్మ ఆ రోజు పొద్దున్నే రొయ్యలు ఒలుస్తూ కూర్చుంది. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చావు, కాసేపు నడుం వాల్చమ్మా అంటే నా మాట చెవిన వేసుకోలేదు. సుగుణ ఆంటీ, అమ్మ ఒకే ఆస్పత్రిలో నర్సులు. ఆంటీది కాకినాడ, మాది నరసాపురం దగ్గర. ఇన్నేళ్ళ ఉద్యోగం చాలించుకుని ఆంటీ ఈసారి మొత్తానికే ఇంటికి వెళ్ళిపోతోంది. గల్ఫ్ నుంచి మొత్తానికే వెళ్ళేవాళ్ళు కుక్కర్ ఒకరికి, మిక్సీ ఒకరికి ఇచ్చి, కుండీలో పెంచుకున్న కరివేపాకు మొక్కని మాత్రం బాగా కావలసినవాళ్ళ చేతిలో పెట్టి వెళ్తారు. ఈ ఎండల్లో కరివేపాకుని బతికించడం పసిబిడ్డని సాకినంత పని. ఆంటీ ఆ మొక్క మాకు తెచ్చింది. నీడ చూసి పెడదామని బాల్కనీలోకి వెళ్ళి, వాషింగ్ మెషీన్ వెనక గోడకి ఆనించి ఉన్న నా పాత సైకిల్ని చూసి ఆగిపోయింది. సీటు మీద దుమ్ము చేత్తో తుడిచింది. ఇంకా ఉంచావా నిస్సీ దీన్ని, అంది. తిరిగి చూసేసరికి ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. తుప్పు పట్టిన సైకిల్ని చూసి ఆవిడకి ఏడుపెందుకొచ్చిందో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇరవై దాటీ దాటని పిల్ల జ్ఞాపకాలు రాయడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అమ్మ కూడా నవ్వింది. కానీ ఇక్కడ పెరిగినవాళ్ళకి కాలం కొలత వేరు. వీసా ఉన్నంతకాలం ఇల్లు, కాంట్రాక్టు ఉన్నంతకాలం ఇరుగుపొరుగు. రాస్ అల్ ఖైమాలో మా వీధి చివర అప్పటి బకాలా కొట్టు ఇప్పుడు లేదు, ఖర్జూరాలు అరువిచ్చే ఆ మలయాళీ అంకుల్ లేడు, నాతో బడికి వచ్చిన పిల్లల్లో సగంమంది ఏ దేశంలో ఉన్నారో తెలియదు. అందరూ మాస్కులు కట్టుకున్న ఆ ఏడాది గురించి మాట్లాడబోతే మావాళ్ళు, అబ్బా ఇప్పుడెందుకు అవన్నీ అని ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం చిన్నతనం అనగానే ఆ ఏడాదే గుర్తుకొస్తుంది. దాని ముందు ఉన్నదంతా ఏదో ఆటలా, తర్వాతదంతా పెద్దరికంలా అనిపిస్తుంది.

అప్పటికి నాకు పద్నాలుగో ఏడు నడుస్తోంది. నాన్న అబుదాబీ అవతల, ముసఫ్ఫాలోని ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో చేసేవాడు. గురువారం రాత్రి వచ్చి శనివారం వెళ్ళేవాడు. వస్తూ వస్తూ ఆయన బట్టల్లో ఇనుము వాసన తెచ్చేవాడు. అమ్మ ఇంటికొచ్చే పద్ధతి వేరు. చెప్పులు గుమ్మం బయటే. సంచి ప్లాస్టిక్ తొట్టిలో. ఎవరూ ఎదురెళ్ళకూడదు. యూనిఫాం నానబెట్టి, తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని, గోధుమరంగు పూల పసుపు నైటీ వేసుకుని గదిలోంచి బయటికొచ్చాక గానీ ఆవిడ నా తల్లి అయ్యేది కాదు. ఆస్పత్రి మందుల వాసన పోయి సబ్బు వాసన వచ్చిన ఆ నిమిషం కోసం నేను గుమ్మం దగ్గర కాచుకుని ఉండేదాన్ని. అందరి తల్లులూ ఇలాగే విడిచి, కడుక్కుని, తర్వాతే దగ్గరికి వస్తారేమో అనుకునేదాన్ని.

మా అమ్మమ్మ ఆ శీతాకాలం విజిట్ వీసా మీద మమ్మల్ని చూసిపోదామని వచ్చి ఇక్కడే చిక్కుకుపోయింది. విమానాలు ఆగిపోయాయి. ఆవిడకి ఈ ఊళ్ళో ఏదీ నచ్చలేదు. నీళ్ళు ఉప్పన, ఆకాశం తెల్లన, కిటికీ తీస్తే కొండల అవతల క్వారీల దుమ్ము. ఉప్పుచేప వేయిస్తే పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తట్టారు. అప్పటినుంచి అమ్మమ్మ ఉప్పుచేప వేయించే ముందు తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కేది. తెల్లవారుజామున మోకాళ్ళ మీద ప్రార్థన, తర్వాత గొంతు విప్పకుండా ముక్కుతో కీర్తన, తర్వాత అల్లం టీ. కాళ్ళకి అమృతాంజనం. ఇల్లంతా అల్లం, అమృతాంజనం కలిసిన వాసన. ఇప్పటికీ ఎవరైనా అల్లం దంచితే నాకు ఆవిడ మోకాళ్ళు గుర్తొస్తాయి.

అమ్మని కోవిడ్ వార్డులో వేశారు. వార్డులో చేసేవాళ్ళు ఇళ్ళకి వెళ్ళకూడదని ఆస్పత్రివాళ్ళు ఒక హోటల్ తీసుకుని నర్సులందరినీ అందులో పెట్టారు. ఒక వారమన్నారు. వారాలు నెలలయ్యాయి. నాన్న రావడానికి అబుదాబీ దారులు మూసేశారు. ఆయన ఫోన్లో నాకు చెప్పేది ఒకటే, అమ్మని విసిగించొద్దని. నేనేం విసిగించాను? అమ్మ రోజూ ఫోన్ చేసేది. తిన్నావా, చదివావా, అమ్మమ్మ మందులేసుకుందా. నువ్వెలా ఉన్నావంటే నాకేం, రాయిలా ఉన్నాను అనేది. ఆ మాట నేను నమ్మలేదు. ఫోన్లో ముఖం ఒక్కటే కనిపిస్తుంది. పడుకుని కూడా నవ్వుతూ మాట్లాడొచ్చు. టీవీలో అప్పటికే చూస్తున్నాం, నవ్వుతూ మాట్లాడినవాళ్ళే మర్నాటికి లేకుండా పోవడం. నాకు అమ్మ ముఖం అక్కర్లేదు, తన కాళ్ళ మీద తాను నిలబడి ఉండగా నా కళ్ళతో చూడాలి. ఆ వయసులో నా మొండితనమంతా అక్కడే పాతుకుపోయింది.

హోటల్ మాకు పెద్ద దూరం కాదు. నాన్న ఎవరి దగ్గరో పాతది కొని తెచ్చిన సైకిల్ ఉండేది. ఎండ తగ్గాక, అసర్ నమాజు అయ్యాక, దాని మీద వెళ్ళేదాన్ని. అమ్మది మూడో అంతస్తు, రోడ్డు వైపు గది. తెరవడానికి వీల్లేని అద్దాలు, అవీ నల్లవి. లోపల లైటు వేస్తేనే మనిషి ఆకారం కనపడేది. అమ్మ లైటు వేసి, ఆ పసుపు నైటీలో, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడేది. మాట వినపడదు. నేను కింద నిలబడి చెయ్యి ఊపేదాన్ని. అంతే. అంతకే నాకు ఆ రాత్రి అన్నం సయించేది.

ఒక సాయంత్రం కిటికీలో లైటు వెలగలేదు. కాసేపు చూశాను. ఇంకాసేపు చూశాను. ఏమైందో నాకు తెలియదు, సైకిల్ని అక్కడే పడేసి గేటులోంచి లోపలికి పరుగెత్తాను. గేటు దగ్గర కాపలాకి పెషావర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అందరూ ఖాన్ చాచా అనేవాళ్ళు. ఆయన నన్ను ముట్టుకోకూడదు కదా, రెండు చేతులూ బారజాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. నేను అరిచిన అరుపులకి పై అంతస్తుల్లో తెరలు తొలిగాయి. తీరా చూస్తే వార్డులో మనుషులు తక్కువై అమ్మకి డ్యూటీ పొడిగించారు, అంతే. ఆ రాత్రి ఫోన్లో అమ్మ తిట్టలేదు. లోపలికొస్తే నిన్ను కూడా ఇక్కడే కట్టడి చేస్తారే, ముసలిదాన్ని ఒంటరిగా వదిలేస్తావా అని మాత్రం అంది. ఇంకెప్పుడూ గేటు దాటనని, కానీ కిటికీలో కనిపించకపోతే మాత్రం నేను ఊరుకోనని చెప్పాను. అది మాటివ్వడమో బెదిరించడమో నాకే తెలియదు.

మర్నాడు వెళ్ళేసరికి ఖాన్ చాచా ముఖం దించుకుని ఉన్నాడు. ముదీర్, అంటే మేనేజరు, ఆర్డరు వేశాడట, హోటల్ ముందు ఎవరూ నిలబడకూడదని. నేను ఆగితే ఆయన ఉద్యోగానికి ముప్పు. సైకిల్ మీద అటూ ఇటూ తిరగమన్నాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళని ఎవరూ ఆపరు. తిరిగాను. కిటికీ కిందినుంచి వెళ్ళేటప్పుడు తలెత్తి చూద్దామంటే కళ్ళు అటు తిప్పేలోపే దాటిపోయేదాన్ని. అమ్మ నిలబడిందా, కూర్చుందా, అమ్మేనా, ఏమీ తెలిసేది కాదు. నాలుగోసారో ఐదోసారో కోపం పట్టలేక సరిగ్గా కిటికీ కింద బ్రేక్ వేశాను. సైకిల్ ఒక్క క్షణం నిలబడి, పక్కకి ఒరిగి, నా కాలు నేలకి తగిలింది. ఖాన్ చాచా గడ్డం నిమురుకుంటూ చూశాడు. ఆయన మంచివాడు, ఉద్యోగం పోగొట్టుకోలేని మంచివాడు.

"బేటీ, పాఁవ్ ఊపర్, తో తూ చల్ రహీ హై. పాఁవ్ నీచే, తో ఖలాస్" అన్నాడు. కాలు పైనున్నంతసేపూ నువ్వు వెళ్తున్నట్టే లెక్క, కాలు కింద పడితే నిలబడ్డట్టు, ఇక అంతే. ఆర్డరు ఆయన తప్పలేదు, నన్నూ తరమలేదు.

రాత్రి ఈ సంగతి చెప్తే అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, అయితే నాకూ అదే రూలు అంది. నా కాలు నేలకి తగలగానే ఆవిడ తెర వేసేసి పడుకుంటుంది. లేకపోతే నేను చీకటి పడేదాకా చక్కర్లు కొడతానని ఆవిడకి తెలుసు. తెర వేశాక ఎంత ఊపినా మళ్ళీ తియ్యదు. అలాగే చేసింది కూడా. నా కాలు ఇలా తగలడం, పైన తెర అలా పడడం. అమ్మకి మాట అంటే మాటే.

అక్కడినుంచి నాకు పట్టుకుంది పిచ్చి. ఆగిన సైకిల్ మీద కాలు దించకుండా ఎంతసేపు ఉండగలిగితే అంతసేపు అమ్మ నాది. మా బిల్డింగు పార్కింగులో పొద్దున్నే, కార్లు కదలకముందే మొదలుపెట్టేదాన్ని. అమ్మమ్మ అల్లం టీ గ్లాసుతో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. పడితే పడ్డావులే అని లేచి వచ్చేది కాదు. మోచేతులు, మోకాళ్ళు, చీలమండ, అన్నీ కొట్టుకుపోయాయి. కొన్నాళ్ళకి ఒక సంగతి తెలిసింది. చదును నేల మీద ఆగదు. పార్కింగు లోంచి పైకెక్కే వాలు మీద ముందు చక్రాన్ని కాస్త పక్కకి తిప్పి, పెడళ్ళు రెండూ సమంగా ఉంచి, ముందున్న కాలితో కొంచెం నొక్కితే సైకిల్ పైకి పోవాలనుకుంటుంది, వాలు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండింటి మధ్య కొద్దిసేపు ఊగుతూ ఉండొచ్చు. హోటల్ ముందు కూడా, గేటు బయటే, కార్లు ఎక్కడానికి అలాంటి వాలే ఉంది. ఇక చాలనుకున్నాను. చాలలేదు. చక్రం వంక చూస్తూ ఉంటే చక్రం ఎటు తిరిగితే నేనటు పడిపోయేదాన్ని.

"కిందకి సూత్తావేంటే పిల్లా" అంది అమ్మమ్మ కుర్చీలోంచి. "కిందకి సూసినోళ్ళెవరైనా నిలబడ్డారా? పైకి సూడు. మీ అమ్మ ఉండే ఎత్తుకి సూడు."

బిల్డింగు మూడో అంతస్తులో ఎవరో ఆరేసిన తువ్వాలు కనిపించింది. దాని మీద చూపు పెట్టాను. నడుము కింద ఏదో సర్దుకుంది. అమ్మమ్మ పరలోక ప్రార్థన మొదలుపెట్టింది, మామూలుగా చర్చిలో చెప్పేదానికన్నా నెమ్మదిగా. గడియారం చూసుకోవడం ఆవిడకి చేతకాదు, ఏదైనా ప్రార్థనతోనే కొలిచేది. గుడ్డు ఉడకడానికి ఒకటి, పప్పు దించడానికి ఇంకోటి. ఆ రోజు మొదటి మాటల దగ్గరే నా కాలు పడింది. తర్వాత్తర్వాత ప్రార్థనలో అనుదినాహారం అడిగే దాకా వచ్చాను. అక్కడ చాలారోజులు చిక్కుకున్నాను. ఆమేన్ దాకా నిలబడాలని నాకు పంతం. ఆమేన్ దాకా అమ్మ తెర వెయ్యకుండా ఉంటుంది, అది చాలు.

హోటల్ ముందు కూడా అదే. వాలు ఎక్కి, చక్రం తిప్పి, కిటికీ మీద చూపు పెట్టి, మాస్కు లోపల పెదాలు కదుపుతూ ప్రార్థన. చెమట కళ్ళలోకి కారేది, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేను. ఖాన్ చాచా తన కుర్చీని పక్కకి జరిపి, కార్లు వస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. పైన అమ్మ అరచెయ్యి అద్దం మీద. నేను ఊగినప్పుడల్లా ఆ చెయ్యి అద్దానికి గట్టిగా నొక్కుకునేది, పట్టుకోబోయినట్టు. ఆహారం దగ్గరో, అప్పులు క్షమించమనే దగ్గరో నా కాలు పడేది. తెర పడేది. నేను ఇంటికెళ్ళేదాన్ని.

వేసవి నడినెత్తికొచ్చింది. ఆ రోజుల్లో అమ్మ ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. వార్డులో ఫోను మాట్లాడనివ్వడం లేదని అమ్మమ్మ చెప్పింది. తిన్నావా, చదువుకో అని మెసేజీలు వచ్చేవి. నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. అనుమానం వచ్చింది. కానీ సాయంత్రం వెళ్తే కిటికీలో లైటు, పసుపు నైటీ, ముడేసిన జుట్టు, ముఖానికి మాస్కు. గదిలో కూడా మాస్కు పెట్టుకోమన్నారట. నిలబడే ఉంది. నా రెండు కళ్ళతో చూశాను, ఇంకేం కావాలి? అమ్మమ్మ మాత్రం ఆ రోజుల్లో వేరే మనిషైంది. కీర్తన మానేసింది. ఉప్పుచేప వండలేదు. మోకాళ్ళ మీద ఉండిపోయి, టీ చల్లారిపోయినా లేచేది కాదు. ఎండకి తట్టుకోలేకపోతోంది అనుకున్నాను. అంతకుముందు, ఎందుకే ఈ ఉక్కలో అని సణిగేది, ఇప్పుడు తానే చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళమనేది. అమ్మ చూస్తూ ఉంటుంది, వెళ్ళు, అనేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నా కాలు మామూలుగా పడింది. తెర పడలేదు. అమ్మ అక్కడే ఉంది. అర్థంకాక చూశాను. ఖాన్ చాచా వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు, వెళ్ళక తప్పలేదు, మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉంది. మర్నాడూ అంతే. నా ప్రాణం లేచొచ్చింది. అమ్మ నాకోసం రూలు తప్పింది! నేను ఇంత కష్టపడుతున్నానని జాలిపడింది, తనకి నిద్ర పాడైనా సరే నేను కనుమరుగయ్యేదాకా నిలబడుతోంది. మాట అంటే మాటే అనే మనిషి నాకోసం మాట తప్పిందంటే అంతకన్నా ప్రేమేముంటుంది? ఆ సంతోషంతోనే అనుకుంటాను, ఆ వారంలోనే ఒక రోజు, పొద్దుగూకి మగ్రిబ్ అజాను మొదలవబోతుండగా, ఆహారం దాటి, అప్పులు దాటి, శోధన దాటి, నేను ఆమేన్ చేరాను. కాలు దించలేదు. ఆమేన్ తర్వాత కూడా ఉన్నాను. సైకిల్ నా కింద ఊపిరి తీసుకుంటున్నట్టు మెల్లగా కదులుతోంది. పైన అమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఖాన్ చాచా నమాజుకి లేచి, నన్ను చూసి, మళ్ళీ కూర్చున్నాడు. నా చిన్నతనం మొత్తంలో నేను చేసిన గొప్ప పని ఏదైనా ఉంటే అది ఆ సాయంత్రం చేశాను. అమ్మ చూస్తుండగా చేశాను. తర్వాత ఏ పరీక్ష పాసైనా, ఎక్కడ భయపడ్డా, ఆ సాయంత్రాన్ని తలుచుకునేదాన్ని. అమ్మ చూసింది కదా అనుకునేదాన్ని.

కొన్ని వారాల తర్వాత అమ్మ ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది. మధ్యలో కాస్త జ్వరం వచ్చి తగ్గిందని చెప్పింది, నేను నమ్మాను. గుమ్మం దగ్గర తొట్టి, తలస్నానం, పసుపు నైటీ, సబ్బు వాసన. రాత్రి నా పక్కన పడుకుంటే చెవి పెట్టి ఊపిరి విన్నాను. విమానాలు తిరగడం మొదలవగానే అమ్మమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా మోచేతుల మీది మచ్చలు చూసి, ఇవి పోకుండా ఉంటే బాగుండును అంది. ఆవిడ ఇప్పుడు లేదు. నరసాపురంలో చర్చి వెనక ఉంది. మెట్లెక్కితే అమ్మకి ఆయాసం వస్తుంది ఇప్పుడు, వయసు అనుకున్నాను. సైకిల్ బాల్కనీలోకి చేరింది. నాన్నకి దుబాయ్‌లో పని దొరికి అక్కడి సత్వాలో ఒక గదిలో సర్దుకుని, వారం వారం వస్తున్నాడు. ఆ హోటల్లో ఇప్పుడు టూరిస్టులు దిగుతారు. కాలేజీ బస్సు ఆ ముందునుంచే వెళ్తుంది. మూడో అంతస్తులో ఎవరో లైటు వేసుకుని అద్దం దగ్గర ఫొటోలు తీసుకుంటూ ఉంటారు.

సుగుణ ఆంటీ వచ్చిన రోజు మళ్ళీ ఇదంతా పైకి లేచింది. భోజనాల దగ్గర రొయ్యల కూర వడ్డించాక, ఆంటీ బాల్కనీ వంకే చూస్తూ కూర్చుంది, తినడం లేదు. ఏమైందాంటీ అన్నాను. ఆవిడ ఇన్నాళ్ళూ మోసి అలిసిపోయిందో, ఇక వెళ్ళిపోతున్నాను కదా అనుకుందో, నాకు ముందే తెలుసనుకుందో, అమ్మ వారించేలోపే అనేసింది.

"ఆ రోజు ఆ సైకిల్ మీద ఎంతసేపు నిలబడ్డావమ్మా నువ్వు. పడిపోతావేమోనని భయపడ్డాను. మా చిన్నాడు గుర్తొచ్చి చూడలేక కళ్ళు మూసేసుకున్నాను."

అమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడింది. నేను నవ్వుతూనే, మీరెక్కడ చూశారాంటీ అన్నాను. ఆంటీ అమ్మ వంక చూసింది. అమ్మ కంచం వంక చూసింది. అప్పుడు నాకు తెర గుర్తొచ్చింది. పడని తెర. ముఖానికి అడ్డం పెట్టుకున్న రెండు చేతులు. అమ్మ ఎప్పుడూ ఒక అరచెయ్యే, అద్దం మీదే పెట్టేది.

మిగతాది ఆంటీయే చెప్పింది, ఆగి ఆగి. ఆ రోజుల్లో అమ్మ హోటల్లో లేదు. తను పనిచేసిన వార్డులోనే మంచం మీద, ఆక్సిజన్ మీద ఉంది. ఒక దశలో డాక్టర్లు ఆశ వదిలేసినంత పని చేశారు. ఫోన్లో అమ్మమ్మకి చెప్పింది ఆంటీయే. పిల్లకి చెప్పొద్దు అంది అమ్మమ్మ. కిటికీలో అమ్మ లేకపోతే ఇది గేటు దూకుతుంది, దీన్ని ఆపడం నా వల్ల కాదు, అంది. అమ్మ గది తాళం ఆంటీ దగ్గరుంది. నైటీ తలుపు వెనక వేలాడుతోంది. ఇద్దరూ ఒకే ఎత్తు. డ్యూటీ దిగి, స్నానం చేసి, అమ్మ బట్టలు వేసుకుని, జుట్టు అమ్మలా ముడేసుకుని, రోజూ సాయంత్రం లైటు వేసి నిలబడింది. అమ్మ ఫోన్ నుంచి మెసేజీలు పెట్టింది కూడా ఆవిడే.

"కాలు కింద పెడితే తెర వెయ్యాలని నాకెవరు చెప్పారమ్మా" అంది ఆంటీ. "నువ్వు కనపడకుండా పోయేదాకా ఉండాలనుకున్నాను. తల్లైతే అలాగే కదా ఉంటుంది అనుకున్నాను."

నాకు ముక్కు మీద కోపం, మా ఇంట్లో అందరికీ తెలుసు. లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఎవరి మీద కోపమో చెప్పమంటే చెప్పలేను. అమ్మ ఊపిరి కోసం కొట్టుకుంటున్నప్పుడు నేను కింద సంతోషంతో ఊగుతున్నాను. అమ్మ చూసిందనుకుని ఇన్నేళ్ళూ దాచుకున్నదాన్ని అమ్మ అసలు చూడనే లేదు. అమ్మమ్మ ఆ సంగతంతా కడుపులో పెట్టుకుని నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. తిడదామంటే ఆవిడ కూడా లేదు. కరివేపాకు మొక్క పక్కన నిలబడి ఏడ్చాను. కాసేపటికి ఆంటీ వెనకనుంచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతిని విదిలించుకుందామనుకున్నాను. కానీ కిటికీలో ఆ రోజులన్నీ ఆ చెయ్యే నన్ను నిలబెట్టింది, ఎలా విదిలించుకుంటాను? ఆవిడ పిల్లలు కాకినాడలో నాయనమ్మ దగ్గర పెరిగారు. వాళ్ళకోసం ఏ కిటికీలోనూ నిలబడే వీలు ఆవిడకి దొరకలేదు. ఆంటీని టాక్సీ ఎక్కించినప్పుడు ఆవిడ కూర్చున్న వైపు అద్దం మీద అరచెయ్యి పెట్టాను. కారు మలుపు తిరిగేదాకా కదల్లేదు.

పైకి వచ్చేసరికి అమ్మ గిన్నెలు తోమడం ఆపి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. సైకిల్ కిందికి దింపు అంది. గాలి సగమే ఉందమ్మా అన్నాను. సగం చాలు అంది. లిఫ్టులో ముగ్గురం ఇరుక్కుని దిగాం, నేను, అమ్మ, సైకిల్. పార్కింగులో ఆ వాలు అలాగే ఉంది, అమ్మమ్మ కుర్చీ వేసుకునే స్తంభం దగ్గర ఇప్పుడు ఎవరిదో తెల్ల కారు. అమ్మ వాలు పైన, నాకు ఎదురుగా నిలబడింది. ఇది మూడో అంతస్తు కాదు, మధ్యలో అద్దం లేదు. ఆవిడ చెంపల మీద రాత్రి డ్యూటీలో వార్డు మాస్కు ఒరిసిన గీతలు కూడా కనిపిస్తున్నాయి.

"నేను చూడలేదు కదే. ఇప్పుడు చూపించు" అంది.

ఎక్కాను. చక్రం తిప్పి, ముందు కాలు నొక్కి, చూపు అమ్మ ముఖం మీద పెట్టాను. ఒళ్ళు మర్చిపోయింది. గొలుసు కిర్రుమంటోంది. అమ్మ పరలోక ప్రార్థన మొదలుపెట్టింది, అమ్మమ్మలాగే, చర్చిలోకన్నా నెమ్మదిగా, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ. ఆ కొలత ఆవిడకి ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆహారం దాకా వచ్చాను. అక్కడ సైకిల్ ఒరిగింది. నా కాలు నేల మీద పడింది.

అలవాటుగా తలెత్తి తెర కోసం చూశాను. అమ్మ ఆపలేదు. నా కాలి వంక చూడను కూడా చూడలేదు. మిగిలిన మాటలన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ ఆమేన్ దాకా వెళ్ళింది. ఆమేన్ తర్వాత కూడా అక్కడే నిలబడి ఉంది.